‘బై’ అంటే ‘చేత’ ఒక్కటేనా? అడ్డం తిరిగే వాక్యాలు ఇక్కడ పెట్టండి

అరండల్‌పేట ఆరో లైను (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. ప్రిపొజిషన్లు చెప్పేటప్పుడు గుంటూరులో అయినా బెజవాడలో అయినా మొదట జరిగేది ఒకటే: విభక్తుల పట్టిక బోర్డెక్కుతుంది. ‘చేతన్, చేన్, తోడన్, తోన్’ దగ్గరికి రాగానే చేత అంటే బై, తోడ అంటే విత్ అని గీత గీసేస్తారు. పాసివ్ వాయిస్ పాఠం అయ్యేదాకా బండి బాగానే నడుస్తుంది. ఆ తర్వాత పిల్లల నోట్సుల్లో కనపడేవి ఇవీ:

1. ఐ కేమ్ హియర్ బై వాక్.
2. ఐ విల్ వెయిట్ బై ఫైవ్ ఓ క్లాక్.
3. సబ్మిట్ ది ఫామ్ అంటిల్ ఫ్రైడే.
4. ది రేట్ ఇంక్రీజ్డ్ టు థర్టీ రుపీస్. వాళ్ల ఉద్దేశం పెరిగింది ముప్పై అని.
5. ఐ ఓపెన్డ్ ది లాక్ బై కీ.
6. హి ఈజ్ మ్యారీడ్ విత్ ఏ డాక్టర్.
7. బై ప్రెస్ దిస్ బటన్, యు కెన్ స్టార్ట్ ది మోటార్.

ఏడూ తప్పులే. తప్పని చెప్పడం తేలికే. ఎందుకు తప్పో, మళ్లీ పడకుండా ఏం పట్టుకోవాలో తెలిసినవాళ్లు విడదీసి చెప్పండి.

---

బందరుకాలువ

పట్టికే అసలు పేచీ అండీ. బైకి తెలుగులో ఒక్క మాట లేదు. చేత, లో, మీద, కల్లా, లోపు, పక్కన, చొప్పున, చేసి, ప్రకారం... సందర్భాన్ని బట్టి ఒక్కోటి. కొన్నిచోట్ల తెలుగులో అసలు ఏ ప్రత్యయమూ ఉండదు, అక్కడే ఎక్కువమంది జారిపడతారు.

నేను చెప్పే పద్ధతి ఒకటే. బైని చూడొద్దు, దాని తర్వాత ఏం వచ్చిందో చూడండి. మనిషి వస్తే చేసినవాడు. ఒంటరిగా బండి పేరు వస్తే ప్రయాణం. గడియారమో తేదీయో వస్తే గడువు. అంకె వస్తే తేడా. ఐఎన్‌జీ మాట వస్తే పద్ధతి. చోటు వస్తే పక్కన.

మొదటి అర్థం ఈ చివరిదే. పాత ఇంగ్లీషులో బి అంటే దగ్గర, పక్కన. బిఫోర్, బిసైడ్, బిహైండ్, బిలో మొదట్లో ఉన్న బి కూడా అదే. ఊరి పక్కగా పోతుంది కాబట్టి బైపాస్. గుడ్ బై మాత్రం ఈ కుటుంబం కాదు, అది ‘గాడ్ బి విత్ యీ’ అరిగి అరిగి అలా మిగిలింది. పిల్లలు తప్పకుండా అడుగుతారు, చెప్పి ఉంచుకోండి.

---

కొండపల్లి లక్క

5వ వాక్యం నాది. తాళంచెవి ‘చేత’ తాళం తీయం, తాళంచెవి‘తో’ తీస్తాం. తెలుగు ఇక్కడ సరిగ్గానే దారి చూపిస్తోంది. చేతిలో పట్టుకునే వస్తువు పేరు వస్తే విత్: విత్ ఏ కీ, విత్ ఏ నైఫ్, విత్ ఏ పెన్.

అయితే ఇదే తెలుగు ‘తో’ మరోచోట ముంచుతుంది. ‘చేత్తో చేసిన బొమ్మ’ అంటాం కదా, అందుకని ‘మేడ్ విత్ హ్యాండ్స్’ అని రాస్తారు. అక్కడ చెయ్యి పనిముట్టు కాదు, పద్ధతి. మిషన్ మీద కాదు, చేత్తో అని చెప్పడం. కాబట్టి ‘మేడ్ బై హ్యాండ్’. ముందు ఏ గానీ ది గానీ ఉండదు, చివర ఎస్ ఉండదు. ‘బై హ్యాండ్స్’ అనే మాటే లేదు.

కొండపల్లి బొమ్మ మీద ఒక వాక్యం కట్టి చూడండి, అన్నీ ఒకేచోట దొరుకుతాయి:

‘దీస్ టాయ్స్ ఆర్ మేడ్ ఆఫ్ సాఫ్ట్ వుడ్, బై హ్యాండ్, బై లోకల్ క్రాఫ్ట్స్‌మెన్, విత్ స్మాల్ చిజిల్స్.’

తెల్లపొణికి కర్ర బొమ్మయ్యాక కూడా కర్రగానే కనపడుతుంది, అందుకే మేడ్ ఆఫ్. పాలు పెరుగైతే పాలు కనపడవు, అక్కడ మేడ్ ఫ్రమ్. రెండు బైలలో మొదటిది పద్ధతి, రెండోది మనుషులు. ఉలి పనిముట్టు, అందుకని విత్.

---

బెంజి సర్కిల్

1వ వాక్యానికి: ‘బై వాక్’ మన దేశంలో పుట్టి పెరిగిన మాట. బయట ‘ఆన్ ఫుట్’ అంటారు. ఇంకా సహజంగా క్రియనే వాడతారు, ‘ఐ వాక్డ్ హియర్’. కాలినడక ఇలా ఆన్‌లోకి వెళ్లింది. గుర్రం మీద వెళ్లినా ‘ఆన్ హార్స్‌బ్యాక్’. మిగతావన్నీ బై: బై బస్, బై ట్రైన్, బై కార్, బై బైక్, బై బోట్.

షరతు ఒకటి. బై తర్వాత బండి పేరు ఒంటరిగా ఉండాలి. మధ్యలో మై, హిజ్, ఏ, ది, వైట్, లాంటి మాట ఏది దూరినా బై పోతుంది.

బై కార్ సరే. బై మై కార్ తప్పు, ఇన్ మై కార్.
బై బైక్ సరే. బై మై బ్రదర్స్ బైక్ తప్పు, ఆన్ మై బ్రదర్స్ బైక్.
బై బస్ సరే. బై ఏ సిటీ బస్ కంటే ఆన్ ఏ సిటీ బస్ మంచిది.

ఇన్నా ఆన్నా అంటే కూడా లెక్క ఉంది. లోపల లేచి నిలబడి అటూ ఇటూ నడవగలిగితే ఆన్: బస్సు, రైలు, విమానం, ఓడ. వంగి కూర్చోవాల్సిందే అయితే ఇన్: కారు, ఆటో, ట్యాక్సీ. పైన కాళ్లు అటొకటి ఇటొకటి వేసి కూర్చునేవి మళ్లీ ఆన్: బైకు, సైకిలు, గుర్రం.

---

మంగళగిరి పానకం

‘బై ది టెన్ థర్టీ ట్రైన్’ అని పాత గ్రామర్ పుస్తకాల్లో ఉంటుంది కదండీ. ది వచ్చినా బై ఉందిగా?

---

బెంజి సర్కిల్

ఉంది, తప్పు కాదు. టైముతో గుర్తుపట్టే ఫలానా బండి అయితే బ్రిటిష్ వాళ్ల పాత వాడుకలో బై నడిచింది. ఇవాళ మాట్లాడేటప్పుడు ‘ఆన్ ది టెన్ థర్టీ ట్రైన్’ అనేదే ఎక్కువ. నేర్చుకునేవాళ్లకి ఆన్ చెప్పండి, పుస్తకంలో బై కనపడితే కొట్టేయొద్దని కూడా చెప్పండి.

ఇంకోటి. బస్సు బోర్డు మీద ‘వయా మంగళగిరి’ అని ఉంటుంది. ఆ అర్థంలో బై మంగళగిరి అనకూడదు. వయా అనండి, లేదా త్రూ. బై రోడ్, బై రైల్ వేరు, అవి దారి రకం.

---

పులిచింతల గేటు

2, 3 వాక్యాలు కలిపి చూడాలి, ఒకదాని బై రెండోదాని అంటిల్‌లోకి, దాని అంటిల్ దీని బైలోకి పోయింది. ఉద్యోగంలో చేరాక ఈమెయిళ్లలో ఎక్కువ నష్టం చేసేది ఈ జంటే కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

క్రియని చూడండి. సాగే పనా, తెగే పనా?

ఉండటం, ఆగటం, చదవటం, నిద్రపోవటం సాగే పనులు. అవి ఫలానా టైము దాకా నడుస్తూనే ఉంటాయి. అక్కడ అంటిల్. ‘ఐ విల్ వెయిట్ అంటిల్ ఫైవ్.’ ఐదు దాకా ఆగుతా.

చేరటం, ఇవ్వటం, ఫీజు కట్టటం, ముగించటం తెగే పనులు. ఒక్క క్షణంలో అయిపోతాయి. ఆ క్షణం ఐదుకి ముందు ఎప్పుడైనా రావచ్చు, దాటకూడదు. అక్కడ బై. ‘ఐ విల్ రీచ్ బై ఫైవ్.’ ఐదింటికల్లా చేరతా.

కాబట్టి దాకా అంటే అంటిల్, కల్లా అంటే బై. ఇంతవరకూ తెలుగు మనవైపే ఉంది. తిరగబడేది ‘వరకు’ దగ్గర. నోటీసు బోర్డు మీద ‘దరఖాస్తులు 15వ తేదీ వరకు స్వీకరించబడును’ అని ఉంటుంది. దాన్నే ఇంట్లో ‘15 వరకు అప్లై చెయ్యొచ్చు’ అంటాం. పిల్లాడు దాన్ని పట్టుకుని ‘అప్లై అంటిల్ ఫిఫ్టీన్త్’ అని రాస్తాడు. గడువు ఒకటే, కానీ ఆఫీసు తలుపు తెరిచి ఉంచడం సాగే పని, మనం అప్లై చేయడం తెగే పని. అందుకని:

‘అప్లికేషన్స్ విల్ బి యాక్సెప్టెడ్ అంటిల్ ది ఫిఫ్టీన్త్.’ ఆఫీసు వైపు నుంచి.
‘యు మస్ట్ అప్లై బై ది ఫిఫ్టీన్త్.’ మన వైపు నుంచి.

‘యు కెన్ అప్లై అంటిల్ ది ఫిఫ్టీన్త్’ కూడా సరైనదే. కెన్ వచ్చేసరికి అవకాశం అన్నది సాగుతోంది కదా. అప్లై లాంటి తెగే పనికి మస్ట్, షుడ్, ప్లీజ్ వస్తే మాత్రం బై.

కాదు, లేదు అనే వాక్యాల్లో రెండూ వస్తాయి, అర్థం పూర్తిగా వేరు. ‘హి వోంట్ కమ్ అంటిల్ ఫైవ్’ అంటే ఐదు అయితేగానీ రాడు, ఐదు తర్వాత వస్తాడు. ‘హి వోంట్ కమ్ బై ఫైవ్’ అంటే ఐదింటికల్లా రాలేడు, ఆ తర్వాత వస్తాడో రాడో ఆ వాక్యానికి సంబంధం లేదు.

ఇక ‘లోపు’. మనకి 3వ తేదీ లోపు, 3 రోజుల లోపు రెంటికీ ఒకటే మాట. ఇంగ్లీషులో చీలుతుంది. క్యాలెండర్ మీద వేలు పెట్టి చూపించగలిగేదైతే బై ది థర్డ్. కొలిచేదైతే వితిన్ త్రీ డేస్. ‘బై త్రీ డేస్’ గడువుగా చెల్లదు, ‘వితిన్ థర్డ్’ అసలే చెల్లదు.

---

వన్‌టౌన్ వంతెన

బై ఫ్రైడే అంటే శుక్రవారం కలిసినట్టా, గురువారంతో సరా?

---

పులిచింతల గేటు

కలిసినట్టే. శుక్రవారం ఇచ్చినా టైములో ఇచ్చినట్టే. గురువారంతో ఆపాలంటే ‘బిఫోర్ ఫ్రైడే’. కానీ శుక్రవారం ఆఫీసు మూసేలోపా, అర్ధరాత్రి లోపా అనేది బై చెప్పదు. డబ్బు, పరీక్ష, కోర్టు సంగతులైతే గంట కూడా రాయండి: ‘బై ఫైవ్ పీఎం ఆన్ ఫ్రైడే’. ఆన్ ఎక్కడుందో చూడండి. ‘బై ఆన్ ఫ్రైడే’ అని రెండూ ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు, మధ్యలో గంట ఉంటే రెండూ ఎవరి పని వాళ్లు చేసుకుంటాయి.

---

సీతానగరం రేవు

గతంలోకి కూడా తీసుకెళ్లండి మాస్టారూ. బైతో కాలం కలిస్తే క్రియ రూపం మారుతుంది, ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

కృష్ణ మీద బెజవాడ దగ్గర పాత ఆనకట్ట 1855లో పూర్తయింది, ఇప్పుడున్న ప్రకాశం బ్యారేజీ 1957లో. దాంతో కట్టి చూద్దాం.

‘ది ఆనికట్ వజ్ కంప్లీటెడ్ ఇన్ 1855.’ ఆ ఏడాదే. మామూలు పాస్ట్.
‘బై 1860, ది ఆనికట్ హ్యాడ్ బీన్ కంప్లీటెడ్.’ 1860 నాటికి అయిపోయి ఉంది, ఎప్పుడయిందో ఈ వాక్యం చెప్పదు. ఇలా అయిపోయిన పనికి మామూలుగా హ్యాడ్ అడుగుతుంది.

ఈ వాడుకకి తెలుగు ‘నాటికి’. పదో తరగతి నాటికి, పెళ్లి నాటికి అంటాం చూడండి, అదే. రాబోయే కాలమైతే విల్ హ్యావ్: ‘బై నెక్స్ట్ మంత్, ఐ విల్ హ్యావ్ ఫినిష్డ్ ది కోర్స్.’

‘బై ది టైమ్’ దగ్గర రెండో మెలిక. ‘నువ్వు గుంటూరు చేరేసరికి నేను బయల్దేరి ఉంటాను’ అన్నదాన్ని ‘బై ది టైమ్ యు విల్ రీచ్ గుంటూర్’ అని మొదలుపెడతారు. బై ది టైమ్ ముక్కలో విల్ రాదు. ‘బై ది టైమ్ యు రీచ్ గుంటూర్, ఐ విల్ హ్యావ్ లెఫ్ట్.’ విల్ రెండో ముక్కలో ఒక్కసారే. మన ‘చేరేసరికి’లో కూడా భవిష్యత్తు గుర్తు ఏమీ లేదు కదా, అది గమనిస్తే చాలు.

---

మిర్చి యార్డు గేటు నం. 1

4వ వాక్యం. లెక్కలు రాసేవాళ్లకి ఇంతకంటే ప్రమాదకరమైన తప్పు లేదు.

క్వింటా 15,000 ఉన్నది 16,500 అయిందనుకుందాం. అంకెలు ఊరికే లెక్క కోసం, ఇవాళ్టి రేటు అనుకోకండి.

‘రోజ్ బై 1,500.’ తేడా.
‘రోజ్ టు 16,500.’ చివరికి ఎక్కడికి చేరింది.
‘రోజ్ ఫ్రమ్ 15,000.’ ఎక్కడ మొదలైంది.
‘రోజ్ బై 10 పర్సెంట్.’ తేడాయే, శాతంలో.

ఎందుకు తప్పుతారంటే, తెలుగులో తేడాకి గుర్తు లేదు. ‘పదిహేనువందలు పెరిగింది’ అంటాం, అంకె ఉత్తగా నిలబడుతుంది. చేరిన అంకెకి మాత్రం కి పెడతాం, ‘పదహారున్నర వేలకి పెరిగింది’. కి అంటే టు అని అందరికీ వచ్చు, కాబట్టి అది సరిగ్గానే రాస్తారు. ఉత్త అంకె దగ్గరే ఏం పెట్టాలో తోచక అక్కడా టు పెట్టేస్తారు. ‘రోజ్ టు 1,500’ అని మెయిలు వెళ్లిందంటే, పదిహేను వేల సరుకు పదిహేనువందలకి ఎలా వచ్చిందని అవతలి కొనుగోలుదారు గుండె పట్టుకుంటాడు. సూత్రం ఇలా పెట్టుకోండి: తెలుగులో కి ఉంటే టు, కి లేకపోతే బై.

శాతాల్లో ఇంకో గుంట ఉంది. కాయలో తేమ 10 శాతం నుంచి 12 శాతానికి పోతే, పెరిగింది ‘బై 2 పర్సెంటేజ్ పాయింట్స్’. ‘బై 2 పర్సెంట్’ అని రాస్తే 10లో 2 శాతం, అంటే 10.2కి పోయిందని లెక్క. అసలు పెరుగుదల శాతంగా చెప్పాలంటే 20 పర్సెంట్. మూడూ మూడు వేర్వేరు అంకెలు.

క్రియ కాకుండా నామవాచకం వాడితే బై ఉండదు, ఆఫ్ వస్తుంది. ‘ఏన్ ఇంక్రీజ్ ఆఫ్ 1,500 ఇన్ ది ప్రైస్.’

ఇక అమ్మకం లెక్కలు. కిలోల లెక్కన, డజన్ల లెక్కన, గంటల చొప్పున: బై ది కిలో, బై ది డజన్, బై ది అవర్. ఇక్కడ ది ఉండి తీరాలి, యూనిట్ ఏకవచనంలో ఉండాలి. ‘బై కిలోస్’ కాదు. కానీ కొలత రకం చెబితే ది పోతుంది: సోల్డ్ బై వెయిట్. రేటు చెప్పేటప్పుడు అసలు బై కాదు, ‘200 రుపీస్ పర్ కిలో’ లేదా ‘ఏ కిలో’.

---

రెండో స్లిప్పు

క్రికెట్ చూసేవాడికి ఈ తేడా బై చెప్పక్కర్లేదు. 1983 ప్రపంచకప్ ఫైనల్ బై 43 రన్స్, 2011 ఫైనల్ బై 6 వికెట్స్. ‘శ్రీలంక వర్ బీటెన్ బై ఇండియా బై 6 వికెట్స్’ అంటే ఒకే వాక్యంలో మొదటి బై చేత, రెండో బై తేడా.

---

బ్రాడీపేట 4/14

నా పేరు చూశారుగా, ‘నాలుగు బై పద్నాలుగు’. నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. గుంటూరులో ఆటో ఎక్కి ఇలా చెబితే ఇంకో మాట అడగరు. ఈ గీత బై గురించి రెండు ముక్కలు, ఎందుకంటే బయటి దేశం ఫోన్లలో ఇది తరచు బెడిసికొడుతుంది.

అడ్డగీతని బై అని చదవడం మన అలవాటు. బయట దాన్ని స్లాష్ అంటారు, బ్రిటన్‌లో పాతవాళ్లు స్ట్రోక్ అంటారు. అడ్రసు చెప్పేటప్పుడు ‘ఫోర్ స్లాష్ ఫోర్టీన్’.

భిన్నాలు మరీ ఘోరం. ముప్పావు ఇంచి పైపుని హార్డ్‌వేర్ కొట్లో ‘త్రీ బై ఫోర్’ అంటాం. వాళ్లకి త్రీ బై ఫోర్ అంటే మూడు అంగుళాల వెడల్పు, నాలుగు అంగుళాల పొడవు ఉన్న ముక్క. పైపు కావాలంటే ‘త్రీ క్వార్టర్ ఇంచ్’. 3/8 అయితే ‘త్రీ ఎయిత్స్’, లెక్కల క్లాసులో ‘త్రీ ఓవర్ ఎయిట్’. పది బై పన్నెండు గది మాత్రం ఎక్కడైనా ‘టెన్ బై ట్వెల్వ్’ గదే, కొలతల మధ్య బై అందరిదీ. లెక్కల్లో ‘మల్టిప్లై బై’, ‘డివైడ్ బై’ కూడా ఎక్కడైనా చెల్లుతాయి.

24/7ని మనం ‘ట్వంటీఫోర్ బై సెవెన్’ అంటాం. వాళ్లు ‘ట్వంటీఫోర్ సెవెన్’ అని ఆపేస్తారు.

వన్ బై టూ కాఫీ గురించి వేరే చెప్పాలా? లండన్‌లో వన్ బై టూ సూప్ అడిగితే వెయిటర్ తెల్లమొహం వేస్తాడు. ‘వన్ సూప్ అండ్ ఏన్ ఎక్స్‌ట్రా బౌల్, ప్లీజ్’ అనాలి.

---

బందరుకాలువ

అసలు చేతకి ఇప్పుడొద్దాం, 6వ వాక్యం అక్కడిది. పాసివ్‌లో చేసినవాడికి బై అన్నది నిజమే. అయితే చాలా వాక్యాలు చూడటానికి పాసివ్‌లా ఉంటాయి గానీ అక్కడ ఎవరూ ఏమీ చేయడం లేదు, ఉన్న స్థితి చెబుతున్నారు. స్థితికి చాలాసార్లు బై రాదు. ఏ మాటకి ఏది తగులుకుంటుందో ఆ మాటతో పాటే నేర్చుకోవాలి: మ్యారీడ్ టు, నోన్ టు, ఇంట్రెస్టెడ్ ఇన్, ప్లీజ్డ్ విత్, ఫిల్డ్ విత్.

ఒకే మాటకి రెండూ వచ్చేచోట తేడా బాగా కనపడుతుంది. ‘హి వజ్ ఫ్రైటెన్డ్ బై ఏ డాగ్.’ ఒక కుక్క మీదికొచ్చింది, భయపడ్డాడు. జరిగిన సంఘటన. ‘హి ఈజ్ ఫ్రైటెన్డ్ ఆఫ్ డాగ్స్.’ వాడికి కుక్కలంటేనే భయం. స్వభావం.

నోట్సుల్లో ఇంకో వ్యర్థం, ‘మై పర్స్ వజ్ స్టోలెన్ బై సమ్‌బడీ’. చేసింది ఎవరో తెలియకే పాసివ్ వాడాం, మళ్లీ ఎవరో ఒకరు అని తగిలించడం ఎందుకు? బై సమ్‌బడీ, బై పీపుల్ కొట్టేయండి.

తెలుగు చేతకి ఇంకో పని కూడా ఉంది, దాన్ని పట్టించుకోరు. ప్రేరణార్థకం. ‘మేస్త్రీ చేత గోడ కట్టించాను.’ దీన్ని ‘ఐ బిల్ట్ ది వాల్ బై ఏ మేసన్’ అని రాస్తారు. ఇంగ్లీషు క్రియలో మన ‘ఇంచు’ లేదు, దాన్ని గాట్, హ్యాడ్, మేడ్ మోయాలి. ‘ఐ గాట్ ది వాల్ బిల్ట్ బై ఏ మేసన్.’ వస్తువు ముందు, మూడో రూపం తర్వాత, మనిషి చివర. మనిషిని ముందుకి తెస్తే బై మాయం: ‘ఐ హ్యాడ్ ఏ మేసన్ బిల్డ్ ది వాల్.’ పిల్లాడి చేత హోంవర్క్ చేయించడం అయితే ‘ఐ మేడ్ హిమ్ డూ హిజ్ హోమ్‌వర్క్’.

‘నాన్న ఫోటో’ కూడా ఇలాంటిదే. నాన్న తీసినదైతే బై మై ఫాదర్, నాన్న అందులో ఉంటే ఆఫ్ మై ఫాదర్. తెలుగు రెంటినీ ఒకే గూట్లో పెడుతుంది.

---

మంగళగిరి పానకం

7వది నేను చెబుతా. ‘ఈ బటన్ నొక్కి మోటారు ఆన్ చేయొచ్చు’ అన్నప్పుడు ‘నొక్కి’కి బై ప్రెసింగ్. ప్రిపొజిషన్ తర్వాత ఉత్త క్రియ నిలబడదు, ఐఎన్‌జీ కావాలి. ‘బై టు ప్రెస్’ కూడా చూశాను, అదీ తప్పే.

ప్రతి ‘చేసి’కీ బై పెట్టొద్దు. ‘స్నానం చేసి గుడికి వెళ్లాడు’లో స్నానం గుడికి వెళ్లే పద్ధతి కాదు, ముందు జరిగిన పని. ‘ఆఫ్టర్ బేదింగ్’ లేదా ‘హి బేద్డ్ అండ్ వెంట్’. ఎలా అని అడిగితే జవాబుగా నిలబడాలి, అప్పుడే బై. మోటారు ఎలా ఆన్ చేశావు? బటన్ నొక్కి. గుడికి ఎలా వెళ్లావు? స్నానం చేసి అని ఎవరూ చెప్పరు.

---

వన్‌టౌన్ వంతెన

‘బై హార్ట్ చెయ్’ సరైనదేనా? ‘పే బై క్యాష్’?

---

కొండపల్లి లక్క

బై హార్ట్ క్రియ కాదు, ‘ఎలా’కి జవాబు. ‘లర్న్ ఇట్ బై హార్ట్’ అనాలి. ‘ఐ బైహార్టెడ్ ది పోయమ్’ మన దగ్గరే నడుస్తుంది.

డబ్బుకి: ఇన్ క్యాష్, బై కార్డ్, బై చెక్. నోట్లు చేతిలో ఉండే వస్తువు, కార్డు చెల్లించే దారి అని గుర్తుపెట్టుకోండి. బై క్యాష్ అని ఇంగ్లీషు దేశాల్లోనూ అనేవాళ్లున్నారు కాబట్టి అవతలివాళ్లు అంటే దిద్దకండి, మీరు రాసేటప్పుడు ఇన్ క్యాష్ రాయండి.

పొరపాటున అనేదానికి బై మిస్టేక్. ‘బై మై మిస్టేక్’ కాదు. బండి పేరుకి చెప్పిన షరతే, మధ్యలో ఏమీ దూరకూడదు.

---

సీతానగరం రేవు

చోటు సంగతి ఒక్క నిమిషంలో. బై అంటే ఆనుకుని, చూస్తే కనపడేంత. నియర్ అంటే దరిదాపుల్లో. ‘ఏ హౌస్ బై ది కెనాల్’ అంటే కిటికీ తీస్తే ఏలూరు కాలువే. ‘నియర్ ది కెనాల్’ అంటే రెండు వీధుల అవతలైనా కావచ్చు. ఊళ్లకి బై వాడం: కొండపల్లి నియర్ విజయవాడ, బై విజయవాడ కాదు. ఇల్లు అద్దెకిచ్చే ప్రకటనలో బై రాసి చూడటానికొచ్చినవాళ్లని అర కిలోమీటరు నడిపిస్తే మాట పడాల్సి వస్తుంది.

---

అరండల్‌పేట ఆరో లైను

చాలా విలువైన సంగతులు వచ్చాయి, అందరికీ ధన్యవాదాలు. మొత్తం కలిపి పరీక్షకి ఒక వాక్యం తయారుచేశాను, దిద్దండి:

‘ది ఫామ్ మస్ట్ బి సబ్మిటెడ్ బై ది స్టూడెంట్స్ బై హ్యాండ్ బై ఫైవ్ పీఎం ఆన్ ఫ్రైడే.’

---

బందరుకాలువ

వ్యాకరణం ప్రకారం తప్పు లేదండీ. మూడు బైలు, మూడు వేర్వేరు పనులు: మనిషి, పద్ధతి, గడువు. పిల్లల చేత విడదీయించడానికి భేషైన వాక్యం. నోటీసులో మాత్రం ఇలా పెట్టొద్దు, చదివేవాడికి ఎక్కిళ్లు వస్తాయి. మొదటి బైని లేపేయండి: ‘స్టూడెంట్స్ మస్ట్ సబ్మిట్ ది ఫామ్ బై హ్యాండ్ బై ఫైవ్ పీఎం ఆన్ ఫ్రైడే.’ ఇంకా తేలిగ్గా ఉండాలంటే బై హ్యాండ్‌కి బదులు ‘ఇన్ పర్సన్’.

---

వన్‌టౌన్ వంతెన

మరి ఐదూ పదికి తీసుకెళ్తే తీసుకోరా?

---

పులిచింతల గేటు

మన ‘ఐదింటికల్లా’లో పది నిమిషాలు అటూ ఇటూ ఉంటుంది. బై ఫైవ్‌లో ఉండదు. ఐదూ పదికి తీసుకునే ఉద్దేశం ఉంటే ‘అరౌండ్ ఫైవ్’ అని రాయించండి.